నూటపదహార్లకూ హాలీ సిక్కాకూ ముడిపెట్టకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన ఒక వ్యాసంలో, తెలుగువాళ్లు శుభకార్యాల్లో నూటపదహార్లు చదివించే ఆచారం నిజాం కాలపు మారకపు రేటు నుంచి పుట్టిందనీ, నూరు ఇంగ్లీషు రూపాయలకు నూటపదహారు నిజాం రూపాయలు సమానం కాబట్టి పండితులకు పూర్తిగా నూరు ముట్టాలన్న ఉద్దేశంతో నూటపదహారు ఇచ్చేవారనీ రాశారు. ఈ మాట కొన్నేళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఫోన్లలో తిరిగే మాటను ఎవరూ పట్టించుకోరు గానీ, అచ్చులోకి వచ్చాక అదే రేపు ఇంకొకరికి ఆధారమవుతుంది. మా తాతగారు నిజాం ఇలాకాలోని మధిరలో ఉంటూ ఇంగ్లీషు ఇలాకాలోని బెజవాడతో వ్యాపారం చేసిన మనిషి కావడం వల్లా, ఆయన చిట్టా పుస్తకాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉండటం వల్లా, వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం వల్లా, ఈ విషయం మీద నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. హైదరాబాద్ సంస్థానపు రూపాయిని హాలీ సిక్కా అనీ, బ్రిటిషిండియా రూపాయిని కల్దార్ అనీ అనేవారు. ఈ రెంటికీ మధ్య చివరి దశాబ్దాల్లో స్థిరపడిన రేటు ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఆ ప్రకారం 100 కల్దార్లకు వచ్చేది 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు (నాటి లెక్కలో అణాకు 12 పైసలు, రూపాయికి 16 అణాలు). వ్యాసకర్త ఆ పదణాల ఎనిమిది పైసలను వదిలేశారు. కథంతా ఆ చిల్లరలోనే ఉంది. కోస్తా నుంచి నిజాం ఇలాకాలోని గద్వాల సంస్థానానికి వెళ్లిన ఒక పండితుడికి అక్కడ 116 హాలీ రూపాయలు ఇచ్చారనుకోండి. ఆయన వాటిని ఏడుకు ఆరు చొప్పున మార్చుకుంటే చేతికి వచ్చేది 99 రూపాయల 6 అణాల 10 పైసలు. అందులోంచి సరాఫు, అంటే నాణేలు మార్చే వ్యాపారి, తన వట్టం (మారకపు కోత) పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. పండితుడికి నూరు కల్దార్లు ముట్టాలన్నదే దాత సంకల్పమైతే 117 ఇచ్చేవాడే గానీ 116 ఇచ్చి ఊరుకునేవాడు కాదు. విద్వద్గద్వాలగా పేరు మోసిన సంస్థానంలో ఈపాటి లెక్క తెలియని వాళ్లుండేవారని అనుకోలేము.

పైగా మన ఆచారం నూటపదహార్లతో ఆగిపోలేదు. అయిదువందల పదహార్లు ఉంది, వెయ్యినూటపదహార్లు ఉంది. మారకపు రేటే దీనికి మూలమైతే 500 కల్దార్లకు 583 హాలీల 5 అణాల 4 పైసలు, 1000 కల్దార్లకు 1166 హాలీల 10 అణాల 8 పైసలు చదివించాలి. 1116 హాలీలను మారిస్తే వచ్చేది 956 కల్దార్ల 9 అణాల చిల్లరే. ఇక్కడ పదహారు అనే అంకె నూరుకూ, అయిదువందలకూ, వెయ్యినూరుకూ ఒకేలా చివర తగులుతోందే తప్ప, మొత్తంతో పాటు పెరగడం లేదు. మారకపు రేటు ఎక్కడైనా మొత్తంతో పాటు పెరుగుతుంది. ఇక నిజాం రూపాయి ముఖం చూడనవసరం లేని రాజమండ్రి, విశాఖపట్నం ప్రాంతాల్లోనూ ఇదే ఆచారం ఉంది గదా! అక్కడ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ కూడా కల్దార్ మనుషులే.

వ్యాసంలోని రెండో పొరపాటు ఇంకా పెద్దది. 116 అనే రేటు ఏదో తరతరాలుగా శిలాశాసనంలా నిలిచి ఉన్నట్టు అందులో రాశారు. నిజానికి చాలాకాలం అక్కడ ఒక రేటే లేదు, ఒక రూపాయే లేదు. 1857 తిరుగుబాటు ముగిసేదాకా హైదరాబాద్‌లో నాణేలు మొగలు చక్రవర్తి పేరు మీదనే పడేవి. ఢిల్లీలో చక్రవర్తి లేకుండా పోయాక అఫ్జలుద్దౌలా కాలంలో నిజాం పేరుతో కొత్త సిక్కా వచ్చింది. ‘హాలీ’ అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. ఆ పేరే చెబుతోంది, అప్పటికే బజారులో చెల్లీ చెల్లని పాత సిక్కాలు ఎన్నో ఉన్నాయని. గోవింద్‌బక్షీ రూపాయి ఉండేది. నారాయణపేటలోనూ, గద్వాలలోనూ, వనపర్తి వారి సుగూరులోనూ వేరే టంకశాలలు ఉండేవి. ఒక్కో నాణెంలో ఒక్కో పాళ్ల వెండి. ఏ ఊరి రూపాయి ఏ ఊళ్లో ఎంతకు చెల్లుతుందో సరాఫు తక్కెడలో వేసి, గీటురాయి మీద గీసి చెప్పవలసిందే. సరాఫుల బతుకుతెరువు ఆ తేడాల మీదే నడిచింది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ ప్రైవేటు టంకశాలలను మూయించి ముద్రణను హైదరాబాద్‌కు చేర్చాకనే ‘నిజాం రూపాయి’ అని ఏకవచనంలో మాట్లాడుకునే వీలు కలిగింది.

ఇక ఆరుకు ఏడు అనే నిష్పత్తి ఎక్కడిది? ఇది ఎవరో అధికారి తోచినట్టు పెట్టిన అంకె కాదు. దాని వేరు వెండిలో ఉంది. బ్రిటిష్ రూపాయి 1835 చట్టం ప్రకారం 180 గ్రెయిన్లు, అంటే తులం బరువు, సుమారు 11.66 గ్రాములు, అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్లే వెండి. ఆ లెక్కన కల్దార్‌లో ఉన్న అసలు వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14 గ్రాములు. ఒకదాన్ని ఇంకొకదానితో భాగించి చూస్తే 100 కల్దార్ల వెండి దాదాపు 117 హాలీల వెండికి సరిపోతుంది. బజారులో రేటు ఎన్ని వంకర్లు తిరిగినా చివరికి 116, 117 దగ్గరికి వచ్చి కూర్చోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఆ వంకర్లను మరచిపోకూడదు. 1870ల మొదట్లో లండన్‌లో ఔన్సు 60 పెన్నీల దగ్గర ఉన్న వెండి 1894 నాటికి 30 పెన్నీలకు దిగువకు పడిపోయింది. ఆ దెబ్బను తట్టుకోవడానికి 1893లో బ్రిటిషిండియా ప్రభుత్వం, ప్రజలు వెండి తెచ్చిస్తే రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతికి స్వస్తి చెప్పింది. దానితో కల్దార్ విలువ అందులోని వెండి విలువ నుంచి తెగిపోయి, ఆ తరువాత రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీల చొప్పున నిలబడింది. హాలీకి అలాంటి దన్ను లేదు. అది వెండితో పాటు దిగజారే ప్రమాదంలో పడింది. అంటే 1893కు ముందు రెండు వెండి ముక్కల మధ్య తూకంగా ఉన్న సంబంధం, ఆ తరువాత ఒక వెండి ముక్కకూ, ఒక ప్రభుత్వ మాటకూ మధ్య సంబంధంగా మారింది. హైదరాబాద్ ప్రభుత్వం కూడా ముద్రణను అదుపులో పెట్టి, తన రూపాయిని కూడా వెండి ధరకు వదిలెయ్యకుండా పట్టుకోవలసి వచ్చింది. మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, యంత్రం మీద అచ్చయిన చార్మినార్ రూపాయి వచ్చింది. ఆ కాలం నుంచే రేటు 116 చుట్టూ నిలకడగా తిరగడం మొదలైంది. కాబట్టి అంతకు ముందరి ఏ మొత్తాన్నయినా 7, 6లతో గుణించి భాగించి ఇన్ని కల్దార్లని చెప్పడం లెక్కగా బాగుంటుంది గానీ చరిత్రగా చెల్లదు.

చార్మినార్ రూపాయిని చేతిలో పట్టుకుని చూసినవారికి ఒక చిన్న వేడుక కనిపిస్తుంది. నాణెం మీది చార్మినారు నడిమి కమానులో మహబూబ్ అలీఖాన్ కాలంలో ‘మీమ్’ అనే అక్షరం (ఉర్దూలో ఆయన పేరుకు మొదటి అక్షరం) ఉంటుంది. తరువాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ వచ్చాక అక్కడికి ఆయన పేరు మొదటి అక్షరం ‘ఐన్’ వచ్చింది. బొమ్మ అదే, గుమ్మంలో నిలబడిన అక్షరం మారింది. మరో సంగతి: కల్దార్ అంటే ‘కల్’ అంటే యంత్రం మీద కొట్టినదని అర్థం; చేతితో కొట్టిన దేశవాళీ నాణేల నుంచి వేరు చెయ్యడానికి పెట్టిన పేరు అది. చార్మినార్ రూపాయి కూడా యంత్రం మీదిదే గనుక పేరు ప్రకారం అదీ కల్దారే కావాలి. కానీ అలవాటైన పేర్లు అర్థాన్ని లెక్కచెయ్యవు గదా! ఇంగ్లీషు రూపాయి చివరిదాకా కల్దార్‌గానే మిగిలింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి దొరకడం కష్టమయ్యాక 1918లో హైదరాబాద్ సొంతంగా కాగితం నోట్లు కూడా విడుదల చేసింది. భారతదేశంలోని సంస్థానాల్లో ఈ స్థాయిలో సొంత నోట్లు నడుపుకున్నది ఇదే. ఆ నోట్ల మీద విలువను ఉర్దూతో పాటు తెలుగులోనూ, మరాఠీలోనూ, కన్నడంలోనూ ముద్రించేవారు. నోటు వచ్చాక ఆరుకు ఏడు అన్న రేటు వెండి బరువు మీద కంటే, సర్కారు ఖజానాలో ఉన్న నిల్వల మీదా, ఆ నిల్వల మీద జనానికున్న నమ్మకం మీదా నిలబడింది. దీనికి రుజువు కావాలంటే 1940 చూడాలి. ఆ ఏడు బ్రిటిషిండియా ప్రభుత్వం తన రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. వెండే రేటుకు ఆధారమైతే ఆనాడే లెక్క తలకిందులు కావలసింది. కాలేదు. ఆరుకు ఏడు ఆరుకు ఏడుగానే ఉంది. 1941 చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ కరెన్సీ బాధ్యత తలకెత్తుకుంది.

మా తాతగారి చిట్టాలో ఈ రేటు ఎలా బతికిందో చెబుతాను. సికిందరాబాద్ నుంచి బెజవాడకు 1889లో రైలు పూర్తయ్యాక మధిర స్టేషను నుంచి సరుకు వెళ్లడం తేలికైంది. ఎర్రుపాలెం దాటితే ఇంగ్లీషు ఇలాకా. సరుకు ఎల్ల దాటినప్పుడు కరోడ్గిరీ (సంస్థానపు సుంకాల శాఖ) వాళ్లు నూటికి అయిదు చొప్పున సుంకం కట్టించుకునేవారు. బెజవాడ వ్యాపారి కల్దార్లలో చెల్లించేవాడు; మధిరలో కూలి, బండి బాడుగ, భూమి శిస్తు మాత్రం హాలీలో. అందుకే 1345 ఫసలీ నాటి, అంటే 1935-36 నాటి పుస్తకంలో ప్రతి పేజీకీ రెండు నిలువు గీతల మధ్య రెండు గళ్లున్నాయి. ఒక చోట ఇలా ఉంది: ‘మిర్చి అమ్మకం, కల్దార్ 42-0-0. హాలీ 49-0-0. వట్టం 0-4-0. నికరం 48-12-0.’ ఆరేడులు నలభై రెండు, ఏడేడులు నలభై తొమ్మిది. ఎక్కం వచ్చిన పిల్లవాడు కూడా చెప్పగలడు. ఆ తరువాతి నాలుగణాలే అసలు రేటు. సర్కారు రేటు ఏడాది పొడవునా ఒకటే ఉన్నా, హాలీలకు గిరాకీ ఎక్కువగా ఉన్న నెలల్లో ఆ వట్టం పావలా నుంచి అర్ధరూపాయికి ఎక్కడం అదే పుస్తకంలో కనిపిస్తుంది. గెజిట్‌లో ఉన్న రేటును చూసి చరిత్ర రాసేవారు ఈ పావలాను కూడా కలుపుకోవాలి.

ఈ లెక్కలో చదువుకున్నవాళ్లు కూడా తరచూ జారిపడే చోటు ఒకటి ఉంది. కల్దార్లను హాలీ చెయ్యాలంటే ఆరోవంతు కలపాలి. హాలీని కల్దార్లు చెయ్యాలంటే ఏడోవంతు తియ్యాలి, ఆరోవంతు కాదు. నూరుకు ఆరోవంతు కలిపి 116-10-8 చేసినవాడు తిరిగి ఆరోవంతే తీస్తే మిగిలేది 97 రూపాయల చిల్లరే. మీ వ్యాసంలోనే ఒక దేవాలయం ఇనాం సొమ్మును ‘నేటి రూపాయల్లోకి’ మార్చినచోట సరిగ్గా ఈ పొరపాటు జరిగింది. ఇంతకంటే వింతైన మాట, నిజాం రూపాయి ఇంగ్లీషు రూపాయి కంటే విలువైనదన్న ప్రచారం. అభిమానం వేరు, అంకె వేరు. 1927 చట్టం తరువాత ఇంగ్లండు పౌనుకు 13 కల్దార్ల 5 అణాల 4 పైసలు. అదే పౌనుకు హాలీలో పదిహేనున్నర దాటి ఇవ్వాలి. హాలీ కల్దార్‌కు కట్టుబడి, కల్దార్ పౌనుకు కట్టుబడి ఉన్నందువల్ల, లండన్‌లో ఏం జరిగినా దాని అల మధిర దాకా వచ్చేది. 1949 సెప్టెంబరులో పౌను విలువ తగ్గించినప్పుడు భారత రూపాయి దానితో పాటు దిగింది. హాలీ కూడా మారుమాట లేకుండా వెనకాలే దిగింది.

ఆ మధ్యలో ఈ మారకం కొంతకాలం రాజకీయమైంది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ యథాతథ ఒప్పందం కుదిరింది. అది కుదిరిన కొద్ది వారాల్లోనే హైదరాబాద్ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాలు సంస్థానం నుంచి భారతదేశానికి వెళ్లకుండా కట్టడి చేసేది. రెండోది సంస్థానంలో భారత కరెన్సీ చట్టబద్ధంగా చెల్లదనేది. దానికి తోడు పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయలు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో అప్పుగా ఇచ్చింది. ఢిల్లీ వీటిని ఒప్పందానికి విరుద్ధమని అభ్యంతరం చెప్పింది. చరిత్ర పుస్తకాలు ఈ రెండు మూడు వాక్యాలతో దాటిపోతాయి. సరిహద్దు వ్యాపారికి మాత్రం అది, నిన్నటిదాకా చెల్లిన రూపాయి ఇవాళ పెట్టెలో దాచుకోవలసిన వస్తువు కావడం. మా చిట్టాలో 1948 మొదటి నెలల పేజీల్లో కల్దార్ గడి ఖాళీగా ఉంది. అమ్మకాలు లేక కాదు, రాయడానికి భయపడి అని మా నాన్నగారు చెప్పేవారు. ఆ సెప్టెంబరు 17 తరువాత ఆ గడి మళ్లీ నిండింది.

విలీనం తరువాత కూడా హాలీ ఒక్కరోజులో పోలేదు. 1950 నుంచి రెండు రూపాయలూ పక్కపక్కన నడిచాయి, అదే ఏడుకు ఆరు లెక్కన. 1951లో హాలీ విడుదల ఆగింది. దాన్ని పూర్తిగా రద్దు చేసింది 1959లో. అంటే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాడూ, 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చిన నాడూ హాలీ సిక్కా చట్టప్రకారం ఇంకా బతికే ఉంది. దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఇప్పటికీ మిగిలి ఉంది. తెలంగాణలో ఎందరి ఇళ్లలోనో ఆనాటి ఉర్దూ దస్తావేజులున్నాయి. మొత్తాన్ని ఎవరూ దిద్దకుండా పక్కనే దాని సగం కూడా రాయడం ఆ దస్తావేజుల పద్ధతి: ‘350 రూపాయలు సిక్కా హాలీ, నిస్ఫ్ 175’ అన్నట్టు. నిస్ఫ్ అంటే సగం. ఆ మాట తెలియక, మొత్తం 350 అయితే 175 ముందే ముట్టిందనీ, మిగతా సగం బాకీ ఉందనీ వాదులాడుకున్న అన్నదమ్ములను నేను చూశాను. ‘సిక్కా హాలీ’ అన్న మాటను వదిలేసి తెలుగులోకి అనువదించిన ప్రతులూ చూశాను. ఏ రూపాయో చెప్పకుండా నిజాం కాలపు మొత్తాన్ని రాయడమంటే కొలత పేరు చెప్పకుండా బరువు చెప్పడమే.

కనుక మీ పత్రికకు నా విన్నపం రెండు ముక్కలు. 1959కి ముందు హైదరాబాద్ ప్రాంతానికి చెందిన ఏ మొత్తాన్ని ప్రచురించినా అది హాలీయో కల్దారో పక్కన రాయించండి. నిజాం బీరారు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి కౌలుకు ఇచ్చినందుకు 1902 ఒప్పందం ప్రకారం నిజాంకు ఏటా రావలసిన 25 లక్షలు కల్దార్లు. అదే పేజీలో ఆయన సొంత ఖర్చుల పద్దు హాలీలో ఉంటే, ఆ రెంటినీ కూడి మొత్తం వెయ్యకూడదు. రెండోది, నూటపదహార్ల కథను సవరిస్తూ ఒక చిన్న గమనిక వేయండి.

మారకపు రేటు నిజంగా ముద్ర వేసిన అంకె మీ పాఠకులకు చూపించాలనుకుంటే నూటపదహార్ల జోలికి పోనక్కరలేదు, విలీనమైన సంస్థానాల పాలకులకు భారత ప్రభుత్వం ఏటా ఇచ్చిన రాజభరణాల జాబితా చాలు. మిగతా పెద్ద సంస్థానాధీశులకు గుండు సున్నాలతో ముగిసే లక్షలు కనిపిస్తే, హైదరాబాద్ ఎదుట మాత్రం 42,85,714 రూపాయలని ఉంటుంది. ఈ విడ్డూరమైన అంకె ఎక్కడిదని అడిగిన విద్యార్థులకు నేను ఏడుతో గుణించి ఆరుతో భాగించమనేవాణ్ణి. నిజాంకు ఒప్పుకున్నది 50 లక్షల హాలీలు. గుణించి చూస్తే దానికి అయిదణాల నాలుగు పైసలు తక్కువ వస్తుంది. రూపాయికి దిగువనున్న చిల్లరను ఢిల్లీ గుమాస్తా కొట్టేశాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం